కనాతు కింద నుంచి

“ఇయ్యాల ఎవలదో ఒకలది కాలు ఇరుగుతది, చూస్తుండు,” అన్నది మాణిక్యమ్మ.

అప్పటికింకా ఏమీ జరగలేదు. శుక్రవారం మధ్యాహ్నపు నమాజు ముగిసి శాలిబండ గల్లీలో జనం భోజనాలకు మళ్ళుతున్నారు. కొడుకు దేవదానం గడప మీద కూర్చుని కాన్వాసు బూట్ల లేసులు బిగించుకుంటున్నాడు. ఎడమ బూటు బొటనవేలి దగ్గర చిరిగితే ఆమే గోనెగుడ్డ ముక్క వేసి కుట్టింది.

“ప్రతి జుమ్మాకు గిదే మాటనా అమ్మా?”

“మరి అబద్ధమా? పొడుగు కృష్ణయ్య భుజం జారలేదా? ఆ దర్జీ పిల్లగాని మోకాలు గుమ్మడికాయంత కాలేదా? పదిమందిల ఏడుగురు మిగిలిన్రు. నువ్వేమన్న ఇనుముతోని పుట్టినవా?”

“నా దగ్గరికెవడొస్తడే? రింగు కింద లొల్లంత జాఫర్‌ది. నేను బంతి తెచ్చి ఇచ్చేటోన్ని.”

వాడు నవ్వుతూనే అన్నాడు. ఆ మాటకే ఆమె వాడి చేతిలోంచి లేసు లాక్కుని తనే బిగించింది.

ఆ ఆటను బయట బాస్కెట్‌బాల్ అంటారట. గల్లీలో అందరికీ అది గంపాటే. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు; గుంజకు బిగించిన ఇనుప రింగులో బంతి పడాలి. దేవదానం గార్డు. బంతిని నేలకు కొట్టుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు నలుగురి మధ్యలోంచి తీసుకుపోవడం, ఎవరికి ఇస్తే పని అవుతుందో వాళ్ళకు ఇవ్వడం వాడి పని. రింగులో వేసేది పక్కింటి ఖైసర్ బేగం కొడుకు జాఫర్. వేసినవాడికే చప్పట్లు. వేసినవాణ్ణే భుజాల మీద ఎత్తుకుని బాబూమియా చాయ్ హోటలు దాకా ఊరేగించేవాళ్ళు. హోటలు గోడకు ఒక నల్లబల్ల ఉండేది. ఆట అయిపోగానే బాబూమియా ఎవరెన్ని వేశారో సుద్దతో దాని మీద రాసేవాడు. జాఫర్ పేరు ఎప్పుడూ పైనే. నాలుగు నెలల్లో దేవదానం పేరు ఆ బల్ల మీద మూడుసార్లు కనిపించింది, అదీ అట్టడుగున.

ఒకసారి ఉండబట్టలేక ఆమె అడిగేసింది. “బాబూభాయ్, బంతి గాల్లకెల్లి ఊడిపడ్డదా? తెచ్చినోని పేరు రాయవా?”

“అమ్మా, తెచ్చినోని పేరు రాస్తే రేపు ఆ బంతి కుట్టిన మోచీ వచ్చి నా పేరేది అంటడు,” అన్నాడు బాబూమియా. హోటల్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. దేవదానం కూడా నవ్వాడు. ఆమె ఆ పూట అన్నం తినలేదు.

మైదానంలో ఆడవాళ్ళకు ఒక పక్కగా కనాతు కట్టేవాళ్ళు. నిలువెత్తు దళసరి గుడ్డగోడ. దాని ముందు మగవాళ్ళ కుర్చీలు రెండు వరసలు. బురఖా వేసే ఇళ్ళవాళ్ళూ, మాణిక్యమ్మలాగ చర్చికి చీరకొంగు కప్పుకుని పోయేవాళ్ళూ అందరూ ఆ గుడ్డ వెనకే. మొదటి ఆటనాడే ఎవరికి వాళ్ళు సూదిమొనతో కుట్లు ఊడదీసి కన్ను పట్టేంత చీలిక చేసుకున్నారు. ఎవరి చీలిక వాళ్ళది. ఒకరి చీలిక దగ్గర ఇంకొకరు కూర్చుంటే పెళ్ళిలో పీట లాక్కున్నంత గొడవ అయ్యేది.

మోకాళ్ళ నొప్పులని ఖైసర్ బేగం ఇంటి నుంచి ఎత్తు కుర్చీ తెప్పించుకునేది. ఆమె చీలిక పైన ఉంది. మగవాళ్ళ టోపీల మీదుగా ఆమెకు రింగూ, రింగు దగ్గర లేచే చేతులూ, గాల్లో బంతీ కనిపించేవి. మాణిక్యమ్మ చాప మీద కూర్చునేది. ఆమె చీలిక నేలకు జానెడు ఎత్తున ఉంది. కుర్చీల కాళ్ళ సందుల్లోంచి ఆమెకు మైదానమంతా బూట్లే. బంతి నేలకు తగిలినప్పుడు కనిపించేది, లేచిపోతే మాయమయ్యేది. నాలుగు నెలల్లో ఒక్క గోలు కూడా ఆమె కళ్ళారా చూడలేదు. కానీ పది జతల బూట్లలో ఏది ఎవరిదో ఆమెకు తెలుసు. గోనెగుడ్డ అతుకున్న బూట్లు వస్తుంటే తక్కిన బూట్లన్నీ ఎట్లా చెదిరి దారి ఇస్తాయో తెలుసు.

పైనుంచి “వాహ్! నా బేటా!” అని ఖైసర్ బేగం కేక వినిపించేది. చప్పట్లు మోగేవి. “ఎవలు తెచ్చి ఇచ్చిన్రు ఆపా?” అని కింది నుంచి మాణిక్యమ్మ అడిగేది. “ఏమో మాణిక్యమ్మా, నాకు బంతి వచ్చినంక కనబడతది,” అనేది ఖైసర్ బేగం. ఆమె అబద్ధమేమీ చెప్పలేదు. అయినా మాణిక్యమ్మకు ఒంటి మీద కారం చల్లినట్టుండేది.

మూడు వారాల కింద ఒక సంగతి జరిగింది. మాణిక్యమ్మ దాన్ని ఎవరికీ చెప్పలేదు. జాఫర్ ఎడమ బూటు నేల మీద సరిగ్గా ఆనడం లేదని ఆమె కనిపెట్టింది. ఆట ఆగినప్పుడల్లా ఆ పిల్లవాడు మడమ పైకెత్తి మునివేళ్ళ మీద నిలబడుతున్నాడు. బూటు కూడా మునుపటిది కాదు. వదులుగా, లోపల ఏదో లావుపాటిది చుట్టినట్టుంది. గోనెగుడ్డ బూట్లు రింగు వైపు పోయేముందు ఒక్క క్షణం ఆగుతున్నాయి. ఆ కుంటి కాలు చేరేదాకా ఆగి, అప్పుడు బంతి ఇస్తున్నాయి. రెండో వారమూ అంతే, మూడో వారమూ అంతే. చెబుదామనుకుంది. నీ కొడుకు కాలు బాగాలేదంటే దిష్టి పెట్టావంటుందేమో అని వెనక్కి తగ్గింది. అట్లా అని తనకు తాను నచ్చజెప్పుకుంది. లోపల ఎక్కడో మాత్రం, ఆ కాలును చూసినప్పుడల్లా, ఎండాకాలం కుండలో నీళ్ళు తాగినంత చల్లగా ఉండేది. ఆ చల్లదనానికి ఆమె పేరు పెట్టలేదు.

ఆ శుక్రవారం ఆట ఇంక అయిపోతుందనగా గోనెగుడ్డ బూట్లు వచ్చాయి. బంతి నేలకు మూడుసార్లు తగిలింది. ఎదుటివాళ్ళ బూట్లు రెండు జతలు అడ్డం వచ్చాయి. బంతి పైకి పోయింది. జాఫర్ బూట్లు రెండూ నేల విడిచాయి. కుడిది సరిగ్గానే దిగింది, ఎడమది అంచు మీద దిగి లోపలికి మడత పడింది. తర్వాత ఆ సందులో ఆమెకు కనిపించింది బూట్లు కాదు, పిల్లవాడి ముఖం. మట్టిలో ఆనుకుని, నోరు తెరిచి.

“యా అల్లా! బంతి ఎత్తుగ ఏసిండు! గంత ఎత్తుగ ఏస్తే పిల్లగాడు పడడా?” అని పైన ఖైసర్ బేగం అరిచింది.

గల్లీ మొత్తానికి అదే మాట పాకింది. దేవదానం బంతి ఎత్తుగా వేశాడు, జాఫర్ కాలు పోయింది.

ఆనాటి నుంచి ఖైసర్ బేగం మాణిక్యమ్మతో మాట్లాడటం మానేసింది. వాకిట్లో ఎదురుపడితే బురఖా ముసుగు కిందికి లాగి పక్కకు తప్పుకునేది. ఆ మధ్యాహ్నం గడప దగ్గర మాణిక్యమ్మ అన్న మాట కూడా ఎవరో మోసినట్టున్నారు. “నోట్లకెల్లి వచ్చుడు, కాలు ఇరుగుడు,” అని నల్లా దగ్గర ఎల్లమ్మ ఎవరితోనో గుసగుసగా అంటుంటే ఆమె చెవిన పడింది.

జాఫర్ ఇంటికి జనం జనం. చాంద్రాయణగుట్ట నుంచి ఎముకలు సరిచేసే పహిల్వాన్ వచ్చి ఆకుపసరు పట్టీ కట్టాడు. ఎవరో నవాబుగారి దేవిడీ గుమాస్తా దానిమ్మపండ్లు పంపాడు. రోజూ ఎవరి ఇంటి నుంచో మూత పెట్టిన గిన్నె పోయేది. బాబూమియా స్వయంగా చాయ్ మోసుకుపోయాడు. మాణిక్యమ్మ భర్త ఆనందరావు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చి ఇంటికొస్తూ దారిలో జాఫర్‌ను చూసి వచ్చేవాడు. “పాపం, పులిలాంటి పిల్లగాడే. మంచం మీద చూడలేకపోతున్న,” అనేవాడు.

“నీ కొడుకు వేలు చూసినవా?” అన్నది మాణిక్యమ్మ ఒకరోజు.

దేవదానం కుడిచేతి చిటికెన వేలు రెండు వారాలుగా వంకాయ రంగులో ఉంది. ఎవరూ రాలేదు, ఎవరూ గిన్నె పంపలేదు. పెనం మీద ఉప్పు వేడి చేసి మూటకట్టి ఆమే కాపడం పెడుతున్నది. పక్కింటి కాలికి ఊరంతా కావాలి, తన కొడుకు వేలికి ఒక్క తల్లి చాలునా? దెబ్బ కూడా గొప్పవాళ్ళకు తగిలితేనే దెబ్బ! ఇదేం బుద్ధి నాకు, పిల్లవాడి వాపును చూసి కూడా ఓర్వలేకపోతున్నానే అని రాత్రి ప్రార్థనలో అడిగి, పొద్దున మళ్ళీ దానిమ్మపండ్ల బుట్ట వైపే చూసేది.

జాఫర్ లేకుండా రెండు ఆటలు ఓడిపోయారు. దేవదానం బంతి తెచ్చేవాడు, ఇచ్చేవాడు. అందుకున్నవాళ్ళు రింగుకు కొట్టలేక గుంజకు కొట్టేవాళ్ళు. నల్లబల్ల దాదాపు ఖాళీగా ఉండేది.

రెండో ఓటమి మర్నాడు టీమును నడిపే డ్రిల్లు మాస్టరు గులాం నబీ ఇంటికొచ్చాడు. నాపరాయి అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ఆనందరావుతో చెప్పాడు. “వచ్చే జుమ్మాకు కప్పు ఆట. దానంను కూర్చోబెడుతున్న. ఏమనుకోకుండ్రి.”

“మీ ఇష్టం మాస్టర్ సాబ్,” అన్నాడు ఆనందరావు. ఆయన ఎవరితోనైనా అంతే.

దేవదానం గోడకు ఆనుకుని బూటు లేసు చివర నలుపుతున్నాడు. వాడి ముఖంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చూసి మాణిక్యమ్మ తలుపు వెనక నుంచి బయటికి వచ్చేసింది.

“ఎందుకు కూర్చోబెడతరు మాస్టర్ సాబ్? ఎవలిని నిలబెడతరు?”

“అమ్మా, రెండు ఆటలు పోయినయి…”

“పోతయి మరి! రింగుల ఏసేటోళ్ళు మంచాల మీద పండిరి. వంట చేసే చెయ్యి ఉన్నది, తినే నోరు లేదు. వంటామెను ఎల్లగొడతరా? నాలుగు నెలలు వీడు ఒక్క ఆట మానిండా? జ్వరంతో ఆడిండు. ఇదిగో, ఈ వేలు చూడుండ్రి. మీకు చెప్పిండా వీడు?”

గులాం నబీ వేలు చూశాడు. ఒక్క క్షణం మెత్తబడ్డాడు. “చెప్పలే. కానీ అమ్మా, అసలు సంగతి అది కాదు. జాఫర్ పడ్డది ఈయన పాస్‌కే అని అందరి మనసుల పడ్డది. మిగిలిన పోరగాండ్లు ఈయన బంతి ఇస్తుంటే భయపడుతున్నరు. సగం చెయ్యి ఎత్తుతరు, సగం దించుతరు. అట్ల ఆట నడవదు.”

“ఆ కాలు ఎప్పటిసంది బాగలేదో మీకు ఎర్కేనా?”

“ఏ కాలు?”

“అమ్మా!” అన్నాడు దేవదానం. గట్టిగా. వాడు ఆమె మీద గొంతెత్తడం అదే మొదటిసారి.

గులాం నబీ ఇద్దరినీ మార్చి మార్చి చూసి లేచాడు. “నువ్వు తల్లివి. నువ్వు చెప్తే కొడుకు కోసం చెప్తున్నదంటరు. జాఫర్ తల్లి నోటితోని తప్పు పాస్‌ది కాదు అనిపిస్తే, పిల్లగాండ్ల ముంగట నేనే దానంను నిలబెడత. జుమ్మా పొద్దుటిదాక చూస్త.”

ఆయన పోయాక ఆమె కొడుకును పట్టుకుంది. “నీకు ముందే తెలుసు కదరా? అందుకే ఆగి ఆగి ఇచ్చినవ్.”

దేవదానం చేతిలోని లేసు వదిలేశాడు. “మాటిచ్చినమ్మా జాఫర్‌కు. మాస్టర్‌కు తెలిస్తే కూర్చోబెడతడని బతిమాలిండు. పరిగెత్తకుండ నిలబడ్డకాడికే బంతి అందిస్త అని నేనే చెప్పిన. ఆ రోజు ఇద్దరు అడ్డమొచ్చిన్రు. వాళ్ళ చేతుల మీదికెల్లి ఇయ్యక తప్పలే. మంచి కాలైతే అందుకునేటోడే.” ఆమె వైపు తిరిగి, “నువ్వెట్ల కనిపెట్టినవ్?” అన్నాడు.

“కింద కూర్చుంట కదా. నాకు కాళ్ళే కనబడతయి.”

“అయితే ఎవలతోని అనకు.”

ఆమె సరేనలేదు, కాదనలేదు. పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. అప్పుడు తట్టింది ఆమెకు అసలు భయం. ఖైసర్ బేగం దగ్గరికి పోయి చెప్పాలంటే, ఆ కాలు ముందే చెడిందని చెప్పాలి. చెడిందని చెబితే, మరి చూసి ఎందుకు చెప్పలేదంటుంది. ఆ మాటకు జవాబు మాణిక్యమ్మ దగ్గర ఒక్కటే ఉంది. అది నోటితో చెప్పగలిగింది కాదు. చెబితే ఇంక ఈ గల్లీలో ముఖం ఎత్తగలదా? ఏ ఇంట్లో పసిబిడ్డకు జ్వరం వచ్చినా తన కళ్ళే అంటారు. ఇల్లు మారాల్సి వస్తుంది, ఆనందరావు పని పోతుంది, దానంకు పిల్లనెవరూ ఇవ్వరు. పొయ్యి ముందు కూర్చున్న ఆ కాసేపట్లో ఆమె ముప్పై ఏళ్ళ ముందుకు పోయి వచ్చింది. అన్నం అడుగంటింది.

గురువారం పొద్దున మగవాళ్ళు పనులకు పోయాక ఆమె పక్కింటి పరదా ఎత్తింది.

ఖైసర్ బేగం కార్చోబు చట్రం ముందు కూర్చుని ఉంది. చట్రానికి బిగించిన ఊదారంగు మఖ్మల్ మీద జరీతీగెతో పువ్వు కుడుతున్నది. ఎవరి పెళ్ళి లంగాయో. లోపలి గదిలో జాఫర్ నిద్రపోతున్న గురక వినిపిస్తున్నది. వచ్చిందెవరో చూసి ఆమె తల దించుకుంది. సూది ఆగలేదు. కూర్చోమనలేదు.

మాణిక్యమ్మ తనే కూర్చుంది, చట్రానికి ఇవతల, నేల మీద.

“ఆపా, నేను తిట్టించుకునేటందుకే వచ్చిన. తిట్టు. కానీ జర విను.”

సూది కిందికి పోయింది, పైకి వచ్చింది.

“మీ పిల్లగాని కాలు ఆ రోజు పాడైంది కాదు. మూడు జుమ్మాల ముందటిసందే బాగలేదు. నువ్వు పైకెల్లి బంతిని చూసినవు, నేను కిందికెల్లి కాళ్ళు చూసిన. మడమ ఆన్చకపోవుడు చూసిన. మా వాడు ఆగి ఆగి బంతి ఇచ్చుడు చూసిన. మా వానిది తప్పు కాదు ఆపా. వాడు మీ వాణ్ణి మోసిండు.”

సూది నడుస్తూనే ఉంది. బయట కత్తులు నూరేవాడు కేకవేసుకుంటూ పోయాడు.

“మరి అప్పుడే ఎందుకు చెప్పలే అని అడుగుతవు. అడగవా? సరే, నేనే చెప్తున్న.” ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. “దిష్టి అంటవేమో అని భయపడ్డ. అది సగమే నిజం. మిగిలిన సగం… నాకు కండ్లమంట ఆపా. మీ వాని పేరు బల్ల మీద ఉంటే మంట. భుజాల మీద ఎత్తుకపోతుంటే మంట. ఇయ్యాల మీ ఇంట్ల ఆ దానిమ్మపండ్లను చూసినా మంటే. ఆ కాలు కుంటుతుంటే నాకు చల్లగ అనిపించింది. పడాలె అనుకోలే, యేసయ్య మీద ఒట్టు, పడాలె అని అనుకోలే. కానీ చెప్పలే. చెప్తే పడకపోవు పిల్లగాడు.”

సూది ఆగిపోయింది.

“నన్నేమన్న అను. గల్లీల అందరితోని చెప్పుకో, నజర్ పెట్టేదని. పోతం ఇక్కడికెల్లి. కానీ మా దానం ఏమి చేసిండు? నాలుగు నెలలు ఒక్కలు వాని పేరెత్తలే, వాడు నవ్వుకుంట ఊకున్నడు. ఇప్పుడు పేరెత్తిన్రు, చెడగొట్టినోడని. తెల్లారితే కూర్చోబెడతరు. నువ్వు ఒక్క మాట చెప్తే నిలబెడతరు. నాకోసం కాదు. నా ముఖం చూడకు, సరేనా. వానికోసం.”

ఎప్పుడూ మాటలకు కరువు లేని మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయింది. ఖైసర్ బేగం సూదిని మఖ్మల్‌లో గుచ్చి వదిలేసింది. చట్రం అంచు మీద ఆమె వేళ్ళు కదలకుండా ఉన్నాయి. లోపల గురక ఆగింది, మంచం కిర్రుమంది, మళ్ళీ గురక మొదలైంది. గల్లీలో ఎవరో గాజులమ్మి బేరం కుదుర్చుకుని, గాజులు తొడిగి, డబ్బులు తీసుకుని, బుట్ట నెత్తినెత్తుకుని పోయేదాకా ఆ గదిలో ఒక్క మాట లేదు. నోరారా తిడితే బాగుండునని మాణిక్యమ్మకు అనిపించింది. తిట్టదు, లేచి గల్లీలోకి పోయి అరుస్తుంది, ఇప్పుడే, ఈ క్షణమే. లేచి వెళ్ళిపోదామని చెయ్యి నేలకు ఆన్చింది.

“పట్టీ నేనే కట్టిన,” అన్నది ఖైసర్ బేగం.

ఆమె మాణిక్యమ్మను చూడటం లేదు. మఖ్మల్ మీది సగం పువ్వును చూస్తున్నది.

“మూడు జుమ్మాలు, పడ్డ రోజు గూడ, పొద్దుగాల లేచి నేనే గట్టిగ చుట్టిన. బూటు పట్టకపోతే రెండు నంబర్లు పెద్దది తెప్పించిన. మాస్టర్‌కు తెలిస్తే ఇంకోన్ని నిలబెడతడని. ఆ పేరు బల్ల మీదికెల్లి పోతే నేను బతకనన్నట్టు.” ఆమె ఊపిరి పీల్చుకుంది. “పడ్డంక, నేను కట్టిన పట్టీకెల్లి పడ్డడని ఎట్ల చెప్పుకోవాలె మాణిక్యమ్మా? నీ కొడుకు పేరు నోటికొచ్చింది, చెప్పేసిన. వాడు ప్రతి జుమ్మాకు నిండు కాళ్ళతోని ఇంటికొస్తుంటే నాకు కండ్లమంట లేదనుకున్నవా? జర ఆగు, బురఖా ఏసుకుంట. మాస్టర్ బడికి పోకముందే పోదాం.”